పసుపు ముద్ద, కుట్లు

చార్మినార్ పక్కనే నిజామియా యునానీ ఆసుపత్రి ఉన్న పాతబస్తీ మాది. మూలికల మీద నమ్మకం గాలిలోనే ఉంటుంది. మా ఆడబిడ్డకి సిజేరియన్ అయిన వారానికి కుట్లు ఎర్రబడితే, అత్తమ్మ పసుపు, వేపాకు నూరేశారు.

డిగ్రీలో మైక్రోబయాలజీ చదివే మా అమ్మాయి ఆపింది. "నానమ్మా, పసుపులో గుణం లేదనట్లేదు. మా ల్యాబ్‌లోనూ ఇలాంటివి పరీక్షిస్తాం" అంది.

ఆపరేషన్ గాయాలకి చీము పట్టించే వాటిలో ముఖ్యమైనది స్టెఫైలోకాకస్ ఆరియస్ అట. దాన్ని అగర్ పోసిన పళ్ళెంలో పరిచి, ఆకు సారంలో ముంచిన 6 మిల్లీమీటర్ల కాగితం బిళ్ళ పెట్టి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతారు. బిళ్ళ చుట్టూ ఏమీ పెరగని వలయాన్ని స్కేలుతో కొలుస్తారు. ఉత్త ఆల్కహాల్ బిళ్ళ కూడా ఒకటి పెడతారు. చంపింది ఆకా, సారం తీసిన ఆల్కహాలా అని తేలాలి కదా!

"కానీ పళ్ళెం వేరు, ఒళ్ళు వేరు నానమ్మా. రోట్లో నూరిన ముద్దలోనే బోలెడు సూక్ష్మజీవులుంటాయి. పచ్చి కుట్ల మీద వద్దు."

అత్తమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆటో పిలవండి" అన్నారు. డాక్టరమ్మ కుట్లు శుభ్రం చేసి మాత్రలు రాశారు. నాలుగు రోజుల్లో ఎరుపు తగ్గింది.

కుట్లు ఎర్రబడినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ముందు ఆసుపత్రికే వెళ్ళండి. వంటింటి పసుపుకి అందులో చిన్నతనమేమీ లేదు.