ఉదయగిరి ప్రయాణం – ఊపిరితిత్తుల మార్పిడి అయినవారికి ఒక మాట

నెల్లూరులో బస్సెక్కి ఆత్మకూరు దాటారంటే పచ్చదనం పలచబడి మెట్టనేల మొదలవుతుంది. ఆత్మకూరుకు దగ్గర్లోనే పెన్న మీద సోమశిల జలాశయం. ఇంకా పైకి వెళితే ఉదయగిరి కొండ. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం. కొండ కింది ఊళ్లో నర్ది, బిక్కి, కలివి కొయ్యలతో అందమైన గరిటెలు చెక్కుతారు. చూడదగ్గ చోటు.

అయితే మీ ఇంట్లో ఊపిరితిత్తుల మార్పిడి జరిగినవారు ఉన్నారా? వారిని వెంట తీసుకువెళ్లే ముందు ఈ సంగతి తెలుసుకోండి. క్షయ క్రిమికి దాయాదులైన సూక్ష్మజీవులు కొన్ని మట్టిలో, నీటిలో బతుకుతాయి. ఇవి ఏ ఒక్క ఊరికో పరిమితం కావు. మీ ఇంటి కుళాయిలోనూ ఉండవచ్చు. ఆరోగ్యవంతులను సాధారణంగా ఏమీ చేయవు. కాని శరీరం కొత్త ఊపిరితిత్తిని తిరస్కరించకుండా మందులు వాడేవారికి నిరోధకశక్తి తక్కువ. వారిలో ఇవి తిష్ఠ వేయగలవు.

తగ్గని దగ్గు, జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తే అందరూ క్షయే అనుకుంటారు. కళ్లెను సూక్ష్మదర్శిని కింద చూసినా ఈ క్రిములు క్షయ క్రిముల్లాగే ఉంటాయి. తేడా తేల్చేవి కల్చర్, జన్యు పరీక్షలు. అందుకే సొంతంగా క్షయ మాత్రలు మొదలుపెట్టకండి. వాటిలోని రిఫాంపిసిన్, రక్తంలో టాక్రోలిమస్ మోతాదును బాగా తగ్గించి, మార్చిన ఊపిరితిత్తికే ముప్పు తెస్తుంది. ముందుగా మార్పిడి చేసిన వైద్యులను అడగండి.

ప్రయాణానికీ వారి అనుమతి తీసుకోండి. దుమ్ములో మాస్కు, తాగడానికి కాచి చల్లార్చిన నీరు తప్పనిసరి. గరిటెలు కొనండి, కొయ్యపొట్టు లేచేచోట మాత్రం నిలబడకండి. మందుల వేళ తప్పనివ్వకండి.