అక్షరానికింత

సమాధిరాయికి కూలి అక్షరాల లెక్కన. చిత్తూరులో మా నాయన కాలం నుంచీ ఇదే పద్ధతి. ముప్పై ఏండ్లుగా ఉలి పట్టుకుని కూర్చుని, చేతిలో డబ్బు తక్కువైనోళ్లు ఏ మాట తీసేస్తారో, ఏ మాటను వదలరో చూస్తా ఉండాను. ముందు 'రిటైర్డ్ టీచర్' పోతుంది. తర్వాత బిడ్డల పేర్లు. వచనం మొత్తం పోయి 'యోహాను 11:25' అని అంకె మిగులుతుంది. తోడబుట్టినవాడు చనిపోయిన దుఃఖంలో ఉన్న మార్తతో ప్రభువు అన్న మాట అది. తెలిసినోళ్లకు అంకె చాలు. ఆఖరికి పేరు, రెండు తేదీలు, 'ప్రభువునందు నిద్రించిరి'. అంతే.

కొత్తలో ఒక అవ్వతో అన్నాను, 'మరణించిరి' అని పెడితే ఖర్చు తగ్గుతుంది కదా అవ్వా అని. ఆమె కొంగు ముడి విప్పుతా, "నిద్రపోయినోళ్లు లేస్తారు నాయనా" అనింది. మళ్లీ ఎవరినీ ఆ మాట అడగలేదు.

నల్లరాయి మీద తెలుగు చెక్కడం ఓపికతో కూడిన పని. 'రక్షణ'లో 'క్ష' దగ్గర చేయి బిగిస్తే లోపలి సన్నని భాగం పెచ్చు లేచిపోతుంది. లేచిందంటే రాయంతా మళ్లీ అరగదీయాల్సిందే. ఇప్పుడు కంప్యూటర్లో అక్షరాలు కోసి, రాతికి అంటించి, ఇసుకతో కొట్టే మిషన్లు వచ్చినాయి. పెద్ద రాళ్లు అక్కడికే పంపిస్తాను. చిన్నవి మాత్రం ఈ చేత్తోనే.

రాయి మీద ఏం రాయమంటారో చూస్తే ఏ సంఘమో చెప్పేస్తాను. కతోలిక ఇండ్ల వాళ్లు ఆత్మశాంతికి ప్రార్థించమని రాయమంటారు. చనిపోయినవాళ్లు ఉత్తరించు స్థలంలో శుద్ధి పొందుతారని, బతికున్నవాళ్ల ప్రార్థన వాళ్లకు తోడవుతుందని వాళ్ల నమ్మకం. నవంబర్ 2, సమాధుల పండుగకు ముందు నాకు తీరిక ఉండదు. పెంతెకొస్తు వాళ్లు మూడో తేదీ అడుగుతారు, 'రక్షణ పొందిన దినం' అని. పుట్టిన రోజుకూ పోయిన రోజుకూ మధ్యలో అది. మేం లూథరన్లం, పసిబిడ్డకే బాప్తిస్మం ఇప్పిస్తాం గనక ఆ తేదీ విడిగా రాయం.

మాది తిరుపతి కేంద్రంగా ఉండే దక్షిణాంధ్ర లూథరన్ సంఘం. 1865లో జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన మిషనరీల పనిలోంచి పుట్టిన సంఘం. పిల్లప్పుడు మాకు లూథర్ 1529లో రాసిన చిన్న క్యాటికిజం, అంటే ప్రశ్నలూ జవాబులుగా ఉండే బోధ, కంఠతా వచ్చేదాకా వదిలేవాళ్లు కాదు. బెంజమిన్ షుల్జ్ చేసిన దాని తెలుగు 1746లోనే జర్మనీలోని హాలేలో అచ్చయిందని పాస్టరుగారు చెప్పినప్పుడు, ఆ అక్షరాలు పోతపోసిన పనివాళ్లు మన 'క్ష'తో ఎంత అవస్థ పడినారో అనుకున్నాను. మనిషి తన మంచితనం చూపించి దేవుని ముందు నిలబడలేడని, క్రీస్తు సిలువ మీద చేసినదాన్ని నమ్మి ఖాళీ చేతులతో పోతాడని మాకు నేర్పినారు. దీని మీదే లూథరన్లూ కతోలికులూ వందల ఏండ్లు విడిపోయి ఉండినారు. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో రెండు వైపుల వాళ్లూ కూర్చుని, రక్షణ దేవుని కృప వల్లనే అని ఒకే కాగితం మీద సంతకం పెట్టినారు. నా చేతి కింద రెండు సంఘాల రాళ్లూ పక్కపక్కనే ఆరుతుంటే నాకు అది గుర్తొస్తుంది, సంతోషమేస్తుంది.

చదివినప్పుడు తలకెక్కని పాఠం ఒకటి పలమనేరు వైపు నుంచి వచ్చిన తల్లీకూతుళ్ల దగ్గర నేర్చుకున్నాను. ఇంటాయన బతుకంతా తాగినాడు. ఆసుపత్రి మంచం మీద బాప్తిస్మం తీసుకుని నాలుగో రోజు పోయినాడు. తల్లి 'నిత్యజీవం' అని చెక్కమనింది. కూతురికి కోపమొచ్చింది.

"అన్నా, ఆ మాట మాత్రం వద్దు. మా అమ్మ తల పగలగొట్టిన మనిషి. నాలుగు దినాల్లో ఏం మారినాడని?"

క్రీస్తు పక్కన సిలువ మీద చివరి గడియలో క్షమాపణ పొందిన దొంగ సంగతి చెబుదామని నోరు తెరిచినాను. ఆ పిల్ల కండ్లలో నీళ్లు చూసి ఆగిపోయినాను. నాకూ ఆమె చెప్పిందే న్యాయమనిపించింది. తల్లికి చదువు రాదు. నిదానంగా అనింది: "ఆయన సంపాదించుకున్నాడని రాయమన్లేదు పాపా. ఆ దేవుడు ఇచ్చినాడని రాయమంటా ఉండా. ఇచ్చేవాడు ఇస్తే వద్దనేదానికి నేనెవురు, నువ్వెవురు?"

కూతురు జవాబివ్వలేదు, బయటికి పోయి నిలబడింది. నేను సుద్దతో గీత గీసి, 'నిత్యజీవం' అని రాసుకుని, ఆ పూట చెక్కలేకపోయినాను. మరుసటి రోజు మొదలుపెట్టినాను.

ఈస్టరు ముందు శనివారం రాయి నిలబెట్టినాము. మా వైపు ఆ ఆదివారం చీకటితోనే సమాధుల తోటకు పోయి, కొవ్వొత్తులు పెట్టి పాటలు పాడతారు. నేనూ పోయినాను, అతుకు సిమెంటు గట్టిపడిందో లేదో చూద్దామని. ఆ పిల్ల ముందే వచ్చి ఉంది. చెంబులో నీళ్లు తెచ్చుకుని, అక్షరాల గాళ్లలో మిగిలిన రాతిపొడిని వేలితో కడుగుతా ఉంది. పేరు కడిగింది, తేదీలు కడిగింది. కింది మాట దగ్గర కాసేపు ఆగింది. చెంబులో ఇంకా కొంచెం నీళ్లున్నాయి.