వరద తగ్గడం వేరు, ఊరు తేరుకోవడం వేరు

విపత్తు నిర్వహణ ప్రశ్న రాగానే మనం అంకెలతో మొదలుపెడతాం. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 రికార్డు 75.6. నీటిమట్టం 43 అడుగుల కిందికి దిగితే మొదటి హెచ్చరిక కూడా ఎత్తేస్తారు. ఇంజినీరింగ్ చదివినవాళ్లం కదా, కథ అక్కడితో అయిపోయిందనుకుంటాం.

మాది సుక్మా జిల్లా కిష్టారం. సరుకులకైనా, ఆసుపత్రికైనా మా వైపు వాళ్లు రాష్ట్ర సరిహద్దు దాటి భద్రాచలం వెళ్తారు. నీళ్లు తీశాక కొన్నాళ్లకు నేనూ వెళ్లాను. గోడల మీద బురద గీతలు, గుమ్మాల ముందు ఎండేసిన పరుపులు. ఒక కిరాణా కొట్టు పెద్దాయన తడిసిన ఖాతా పుస్తకం పేజీ పేజీగా విడదీస్తున్నాడు. "సరుకు పోతే మళ్లీ తెచ్చుకుంటాం బాబూ. బాకీలు ఎవర్ని అడగాలి?" అన్నాడు.

ఇక్కడే ఆలోచించండి. ఆయన అరువు ఆపేస్తే, వరద నీరు చేరని అడవి పల్లెలో కూడా పొయ్యి వెలగదు. నష్టాల జాబితాలో మునిగిన ఇళ్లుంటాయి; మునిగిన ఊరి మీద ఆధారపడిన ఇళ్లుండవు. అవి పక్క రాష్ట్రంలో ఉంటే అసలే ఉండవు.

2015 సెండాయ్ ఒప్పందంలోని నాలుగో ప్రాధాన్యం 'మునుపటికన్నా మెరుగ్గా పునర్నిర్మాణం'. జవాబులో దాన్ని రాసేటప్పుడు ఒక్క ప్రశ్న జోడించండి: ఈ ఊరు తేరుకునేదాకా ఇంకెవరు ఎదురుచూస్తున్నారు? రేపు మీరు అధికారి అయ్యాక కూడా ముందు అదే అడగండి.