చుక్కల కాగితము

అంతర్వేదిలో వసిష్ఠగోదావరి సముద్రమున కలియుచోట ఇసుకకు కొదువలేదు. మా చిన్ననాట పంతులుగారు ఆ యిసుకలో చుక్కలు పెట్టగా, వానిని కలుపుచు మేము అక్షరములు దిద్దితిమి. నేడు నా తరగతిపిల్లలకు ఆ పనిని చుక్కల కాగితము చేయుచున్నది. గీతల కాగితము చేతిని ఒక్క దారినే నడిపించును. తెల్లకాగితము దారియే చూపదు. చుక్కల కాగితమో, దారి చూపియు నిర్బంధింపదు. దానిపై వ్రాసిన అక్షరముల పరిమాణము తప్పదు. బొమ్మ వేయునపుడు గీతలు అడ్డురావు. చుక్కలు చదరముగా నున్నచో పట్టికలును, త్రికోణముగా నున్నచో ఘనాకృతులును చక్కగా కుదురును.

ఈ రెండవ విధమును నేను గణితపుస్తకమున చూచి నేర్చితిని. నా చెల్లెలు చూచినంతనే, "ఇది మన సందుచుక్కయే కదా, అన్నయ్యా!" అనెను. నడుమ 15 చుక్కలు పెట్టి, ఇరువైపుల 8 వచ్చువరకు సందుచుక్కలు పెట్టినచో మొత్తమెంత యని యడిగితిని. 169 అని నోటిలెక్కనే చెప్పెను. ఆమెను ఎనిమిదవ తరగతితో బడి మాన్పించిననాడు నేను నోరు మెదపనైతిని.

ఆమె భర్త పోయి మూడేండ్లయినది. పండుగదినములలో వాకిట ఆమె ముగ్గు పెట్టరాదని మా యింటి పెద్దల కట్టడి. ఆ చేతులు ఊరకుండలేవని యెరిగి, పోయిన ధనుర్మాసమున ఒక చుక్కల పుస్తకము కొనియిచ్చి, గొప్ప ఉపకారము చేసితినని తలచితిని. నెల తిరుగకముందే పుస్తకము నిండెను. కడపటి పుటలో మాత్రము చుక్కలు కలుపకయే విడిచియుండెను. "ఇదేల విడిచితివమ్మా?" అంటిని. "అది వాకిటికి, అన్నయ్యా" అనెను.

నేను తలవంచుకొంటిని. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిరని యేటేట పాఠము చెప్పువాడను. నా యింట పిడికెడు పిండికి అడ్డుపడిన ఆచారమును మాత్రము కాగితముతో కప్పితిని.

భోగినాటి వేకువను ముగ్గుపిండి గిన్నెను నేనే ఆమె చేతికిచ్చి, దీపము పట్టుకొని నిలిచితిని. అమ్మ గడపకడకు వచ్చి, చూచి, మాటాడక లోనికి పోయెను. మొదటి వరుసలో చెల్లెలి చేయి వణకినది. రెండవ వరుసలో వణకలేదు.

చదువరులారా, మీ యింటను ఏ పుస్తకములోనైన మూయబడిన ముగ్గు కలదేమో చూడుడు.