రెండో గేరు

మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఒక కారు ఉంది. 1982 నాటి పద్మిని. ఇటలీవారి ఫియట్ 1100ను బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ తయారుచేస్తూ, 1974లో దానికి పద్మిని అని పేరు పెట్టింది. పేరు ఎవరు పెట్టినా హనుమకొండలో అందరూ దాన్ని ఫియట్ అనే పిలిచారు. మా బాపు ఇప్పటికీ అంతే. తయారీ ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. బొంబాయిలో టాక్సీలుగా తిరిగిన ఆఖరి పద్మినులు కూడా 2023 అక్టోబరు చివర్లో రోడ్డు దిగిపోయాయి. మాది మాత్రం ఇంకా దిగలేదు.

బాపు ఆ కారును ముప్పై ఏళ్లకు పైగా నడిపారు. ఇంజను నూనె, గేరుబాక్సు నూనె అన్నీ తన చేత్తోనే మార్చుకునేవారు. 2021లో ఆయనకు కంటి ఆపరేషను అయినప్పుడు ఆ పని నా నెత్తిన పడింది. నేను కళాశాలలో వ్యాకరణం చెప్పుకొనేవాణ్ణి. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే: దుకాణానికి వెళ్లి "అన్నిటికన్న మంచిది ఇవ్వండి" అనడం. ఇచ్చారు. ఒక షెడ్డులో పోయించాను. బాపు కారు చుట్టూ తిరిగి, కింద చుక్క పడ్డ చోట వేలు పెట్టి వాసన చూసి, ఏదో గొణిగారు. నేను ఆట్టే పట్టించుకోలేదు.

ఏడాది తిరిగేసరికి బాపు రెండో గేరు వేస్తుంటే కిర్రుమని చప్పుడు మొదలైంది. వీధి మలుపులో వినిపిస్తే చాలు, బాపు వస్తున్నారని ఇంట్లో అందరికీ తెలిసేది. అప్పటికి ఆయనకు డెబ్బై ఆరేళ్లు. చేతికి పట్టు తప్పింది కాబోలుననుకున్నాను. అనుకొని ఊరుకుంటే బాగుండేది. 2023లో ఒకనాడు అందరి ముందర, "బాపూ, నీకింక గేరు వెయ్య చాతనైత లేదు, తాళంచెవి ఇటియ్యి" అన్నాను. ఆయన మారు మాటాడకుండా చొక్కా జేబులోంచి తీసి బల్లమీద పెట్టారు. ఆ తర్వాత నేను నడిపినా చప్పుడు వచ్చేది. ఆయన పాడుచేసిన గేరు కదా, రాక ఏమవుతుందని సమాధానం చెప్పుకున్నాను. మనిషికి తన తెలివిమీద ఉన్న నమ్మకం అటువంటిది.

మొన్న, అంటే 2025లో, దసరా నాలుగు రోజులుందనగా, ఆయుధపూజకు బండి బాగుచేయిద్దామని పోచమ్మమైదాను దగ్గర ఒక పాత మెకానిక్కు వద్దకు తీసుకుపోయాను. సాహెబుకు ఫియట్లంటే ప్రాణం. పక్క బోల్టు విప్పి, లోపల వేలు ముంచి, ముక్కు దగ్గర పెట్టుకొని మొహం చిట్లించాడు.

"గీ నూనె ఎవరు పోసిన్రు సార్?"

"ఎందుకూ?"

"ఇది వెనక ఇరుసుకు పోసేది. గేరుబాక్సుకు గాదు."

అతడు చెప్పింది నా భాషలో చెబుతాను. గేరు మారేటప్పుడు రెండు ఉక్కు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరుగుతుంటాయి. వాటి నడుమ ఒక ఇత్తడి ఉంగరం ఉంటుంది. అది ముందుగా రాసుకొని రెంటి వేగాన్నీ ఒకటి చేస్తే, అప్పుడు పళ్లు మెత్తగా కలుస్తాయి. మా యడాగమం లాంటిదే సుమండీ! సంధి జరగని చోట రెండు అచ్చులు ఢీకొనకుండా 'మా అమ్మ'ను 'మాయమ్మ' చేసి యకారం నడుమ కూర్చోదూ? అలాగన్నమాట. ఈ కారు మొదటి గేరుకు ఆ ఆగమం కూడా లేదు. బండి పూర్తిగా ఆగితే తప్ప వెయ్యరాదు.

ఇక నూనెల్లో జి.ఎల్.4 అనీ జి.ఎల్.5 అనీ రెండు తరగతులున్నాయి. రెండోది వెనక ఇరుసులో గట్టి ఒత్తిడికి తట్టుకునేందుకు గంధకం, భాస్వరం ఎక్కువ కలిపి చేసింది. అక్కడ అది అమృతం. ఇక్కడ ఆ గంధకమే ఇత్తడిని మెల్లమెల్లగా కొరుకుతుంది. పైగా జారుడెక్కువ కావడంతో ఉంగరానికి పట్టు చిక్కదు. అంకె పెద్దదైతే నూనె మంచిదని నాబోటివాళ్లు అనుకుంటారు.

ఇంటికొచ్చి డాష్‌బోర్డు అరలో వెతికాను. 2021 నాటి బిల్లు దొరికింది. జి.ఎల్.5. కింద నా సంతకం.

దసరా ముందు సాహెబుకు ఊపిరి సలపని పని. 90 నంబరు జి.ఎల్.4 నూనె డబ్బా, పిచికారీ లాంటి పంపు చేతికిచ్చి, "మీ బాపుకు నాకన్న మంచిగ తెల్సు, పోండ్రి" అన్నాడు. బిల్లు జేబులోనే పెట్టుకొని, నూనె మారుద్దామని మాత్రం బాపుతో చెప్పాను. ఆయన కుర్చీ తెచ్చుకొని వేపచెట్టు కింద కూర్చున్నారు.

ముందు బండిని నాలుగైదు కిలోమీటర్లు తిప్పుకు రమ్మన్నారు. నూనె వేడెక్కితేనే పల్చబడి పూర్తిగా దిగుతుందట. తర్వాత, ఎప్పుడో కాజీపేటనుంచి తెచ్చిన పాత రైలు స్లీపరు ముక్కలమీద నాలుగు చక్రాలూ ఎక్కించాం. ఒక పక్కే లేపితే మట్టం తప్పుతుంది. జాకీని నమ్మి కిందికి దూరితే ప్రాణమే తప్పుతుంది. నేను పాత చాప పరుచుకొని కిందికి దూరి, అడుగు బోల్టుమీద పానా పెట్టానో లేదో, పైనుంచి కేక వినబడింది.

"ఆగు! ముందుగల పక్క బోల్టు ఇప్పు. అది రాకపోతే, ఉన్నది కారవోసుకొని కొత్తది యాడ పోస్తవు?"

ఇంత చదువూ చదివి ఆ మాట నాకు తట్టలేదు. పక్కది విప్పాక అడుగుది విప్పాను. నల్లటి నూనె పాత బేసిన్లోకి దిగింది, ఘాటు వాసన. ఎండలోకి జరిపి చూస్తే అందులో సన్నటి బంగారు రజను మిలమిలలాడింది. బాపు వంగి రెండు వేళ్లతో నలిపి చూశారు. ఉక్కు పలుకులు లేవన్నారు. "ఇత్తడే. ఉంగరాలు అరిగినయ్."

నేను బిల్లు తీసి ఆయన చేతిలో పెట్టాను. "బాపూ, తప్పు నాది. నీ చేతిది గాదు. ముందే చెప్పొచ్చు గదా?"

కళ్లజోడు సవరించుకొని ఆసాంతం చదివారు. ధర కూడా చదివారు. "చెప్పిన. ఇన్నవా?" అన్నారు.

చెప్పారు. ఆ రోజు గొణిగింది అదే.

తరువాతి పని మాటల్లేకుండానే సాగింది. అడుగు బోల్టు బిగించి, పక్క రంధ్రంలోంచి పంపుతో కొత్త నూనె ఎక్కించాను. అంచు దాటి చుక్క తొణికినప్పుడు బాపు చాలన్నారు. పాత నూనెను కాలువలో పొయ్యనివ్వలేదు. డబ్బాకెత్తి సాహెబు షెడ్డుకే పంపించారు.

సాయంత్రం కారు కడిగి, బొట్లు పెట్టి, తాళంచెవి ఆయన చేతికిచ్చాను. లైసెన్సు గడువు ఇంకా ఉంది. ఆపరేషను తర్వాత చూపూ బాగుంది. మా ఆవిడ గుమ్మంలోంచి కంగారుగా చూస్తూనే ఉంది. నేను ఎడమవైపు సీట్లో కూర్చున్నాను. మొదటి గేరులో గేటు దాటాం. వీధి మలుపులో బాపు క్లచ్చి తొక్కి, స్టీరింగు పక్కనున్న కడ్డీని నిదానంగా రెండుకు దించారు. మునుపటి రొద లేదు. కాని చెవి పెట్టి వింటే, అడుగున ఎక్కడో సన్నగా ఒక కిర్రు. అరిగిన ఇత్తడి మళ్లీ మొలవదు గదా.

బాపు రోడ్డుమీదినుంచి చూపు తిప్పకుండానే అన్నారు:

"గా చప్పుడు నాది గాదు."