మా కారు ఆల్టర్నేటరు

నిరుడు మా పాత మారుతి 800 కారు ముందుదీపములు మసకబారి, బ్యాటరీ గుర్తుగల యెఱ్ఱదీపము ఆరక వెలుగసాగెను. మేము తొందరపడి క్రొత్త బ్యాటరీ కొంటిమి. రెండు దినములలో నదియు నీరసించెను. అప్పుడు మీటరు పెట్టి చూడగా, ఇంజను తిరుగుచున్నను 12 వోల్టులైనను లేవు. 14కు దరిదాపుగా నుండవలెను. దోషము ఆల్టర్నేటరుది. తరగతిలో ఏటేట డైనమో పాఠము చెప్పు మేము ముందుగా కొలిచి చూడనైతిమి!

శనివారము ఇంటి ముంగిటనే పనికి దిగితిమి. మొదట బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పితిమి. లేనిచో పానా తగిలి నిప్పురవ్వలు లేచును. పాతదానిని దించి క్రొత్తది బిగించుట సులువే గాని, బెల్టును మూడుమారులు సవరించితిమి. వదులైన జాఱును, మిక్కిలి బిగిసిన బేరింగు చెడును. సాయంకాలమునకు మీటరు 14.1 చూపెను.

"నాన్నగారూ, అయితే పాత బ్యాటరీ మంచిదేనా?" యని మా కుమారుడు అడిగెను. దానిని అప్పటికే పాతసామానుల వానికి అమ్మివేసియుంటిమి.