పాలంలో హరికేను

ఢిల్లీ వెళ్ళినప్పుడు పాలంలోని వాయుసేన మ్యూజియంలో హరికేను యుద్ధవిమానం చుట్టూ మూడుసార్లు తిరిగాము. ఇంటివద్ద పిల్లవాడితో కలిసి దాని బొమ్మ కడుతున్నాము మరి! అసలుదాని రెక్కల చాపు 40 అడుగులు. 72వ వంతు కొలతలో జానెడైనా లేదు.

ముక్కు, రెక్కలు లోహపు రేకు. పైలటు వెనుక భాగమంతా కర్రబద్దలమీద బిగించి రంగు పూసిన నారబట్ట. అందుచేత రంగు లేచిపోయినట్టు చూపే వెండిచుక్కలు అద్దవలసింది కాలు మోపే రెక్క మొదట్లోనే. మెరుస్తుందని మావాడు తోకమీదా అద్దుతానంటాడు. గుడ్డ చిరుగుతుంది గాని మెరుస్తుందా?

1944లో ఇంఫాలు పోరులో అర్జన్ సింగు నాయకత్వాన 1వ స్క్వాడ్రను నడిపినవి ఈ రకం విమానాలే. ఆ గుడ్డతోకతోనే తుపాకుల మీదికి పోయారు. తోకమీద వెండి మానిపించి, ముక్కు పక్కల పొగగొట్టాలనుంచి వెనక్కి సాగే మసికి బొగ్గుపొడి వేలితో రాయించాము.